చలిగదిలో కుర్చీ

"ఆ మందు నాకొద్దు. అంతే."

రొట్టెలమ్మ కంచాన్ని పక్కకు నెట్టేసింది. అందులో రొట్టెముక్క పెట్టింది పెట్టినట్టే ఉంది. కూర ఎప్పుడో చల్లారిపోయింది.

"వద్దంటే సరిపోతుందా అమ్మా," అన్నాడు పెద్దకొడుకు. "స్కాన్ బొమ్మలో మెడకి రెండు పక్కలా భుజాల దాకా వెలుగుతోందని స్కాన్ డాక్టరమ్మ నీ ఎదురుగానే చెప్పింది. రెండు విడతలు ఎక్కించాక కూడా అలా వెలుగుతోందంటే ఈ మందు పనిచెయ్యట్లేదనేగా. సోమవారం నుంచి పెద్ద మందు మొదలెడదామన్నాడు పెద్ద డాక్టరు. నేను సరేనన్నాను."

"సరేనన్నది నువ్వు. ఎక్కించుకోవాల్సింది నేను."

"బతకాలంటే ఎక్కించుకోవాలి."

"వేళ్ళ కొసలు మొద్దుబారతాయన్నాడు. ఆ మాట కూడా విన్నావా?"

"విన్నాను. నీ వేళ్ళకన్నా నువ్వు ముఖ్యం."

"నా వేళ్ళు వేరూ, నేను వేరూనా?"

కింద రొట్టెల దుకాణం, పైన ఇల్లు. ఆ దుకాణంలో పిండి ఎప్పుడు పొయ్యిలోకి వెళ్ళాలో చెప్పే యంత్రం ఏదీ లేదు. రొట్టెలమ్మ బొటనవేలితో పిండిని ఒక్క నొక్కు నొక్కుతుంది. గుంట ఎంత మెల్లగా పూడుతోందో వేలికే తెలుస్తుంది. "ఇంకాసేపు" అంటుంది, లేదా "పెట్టెయ్" అంటుంది. ముప్ఫై ఏళ్ళుగా ఆ వేలు తప్పు చెప్పలేదు. మెడలో గడ్డ కనబడి, అది లింఫ్ గ్రంథుల క్యాన్సరని తేలిన రోజున కూడా ఆవిడ ఆసుపత్రి నుంచి తిన్నగా పిండి దగ్గరికే వెళ్ళింది.

"పిండి సంగతి నేను చూసుకుంటానులే," అన్నాడు పెద్దకొడుకు కాస్త తగ్గి.

"పిండి గురించి నీకేం తెలుసు?"

"నువ్వెప్పుడు నేర్పావు గనక?"

ఆ ఇంట్లో ఆ ప్రశ్న చాలా ఏళ్ళుగా అందరి నోళ్ళలోనూ నానుతూ ఉన్నదే. బయటికి రావడం మాత్రం ఇదే మొదలు. పొయ్యి పెద్దవాడిది, పిండి తల్లిది. కుర్రతనంలో వాడు పిండి ముట్టుకోబోతే "నీ చేతులు నిప్పుకి అలవాటు పడ్డాయిరా, పిండి వాటికి పలకదు" అని నవ్వేసేది. వాడు నవ్వలేదు. పెళ్ళి ఊసెత్తినా, పిండి ఊసెత్తినా పొయ్యి దగ్గరికి పారిపోవడం అప్పుడే నేర్చుకున్నాడు.

చిన్నకొడుకు గొంతు సవరించుకున్నాడు. దుకాణం బండి మీద రొట్టెలు ఊరంతా చేరవేసే ఆ మనిషి పరిస్థితి ఈ వారమంతా విడవమంటే పాముకి కోపం, కరవమంటే కప్పకి కోపం అన్నట్టుంది. ఒక పక్క అన్న. ఇంకో పక్క భార్య.

"అన్నయ్యా, తను ఏదో చెప్తానంటోంది. ఒక్కసారి విను."

అతని భార్య, ఆ ఇంటి ఏకైక కోడలు, గోడకి ఆనుకుని నిలబడి ఉంది. బల్ల దగ్గర కుర్చీ ఒకటి తక్కువైంది. ఎక్కడికి పోయిందని ఎవరూ అడగలేదు. ఈ గొడవలో కుర్చీ సంగతి ఎవరికి పట్టింది.

"బావగారూ, నేను పెద్ద మందు వద్దనట్లేదు," అంది కోడలు. "నాకొక్కటే అర్థం కావట్లేదు. అత్తయ్య మెడలో గడ్డ మొదట్లో నిమ్మకాయంత ఉండేది. ఇప్పుడు వేలితో వెతికినా దొరకట్లేదు. చేతికి అందనిది తెరమీద అంతలా ఎలా వెలిగింది?"

"వెలిగిందంటే అక్కడేదో చక్కెర తెగ తింటోందని అర్థం. ఆ సంగతి ఈ ఇంట్లో అందరికీ చెప్పింది నువ్వే."

"నేనే చెప్పాను."

"మరిప్పుడు మాట మారుస్తావేం?"

కోడలు మాట మార్చలేదు. ఆ అమ్మాయి పనిచేసేది పరిశోధనశాలలో. క్యాన్సర్ కణాలను గాజుపళ్ళేల్లో పెంచి, అవి ఏం తింటాయో, ఎంత తింటాయో, తిన్నదాన్ని ఏం చేసుకుంటాయో చూడటం ఆమె ఉద్యోగం. పెళ్ళైన కొత్తలో బంధువులు "ఏం చేస్తుంటావమ్మా" అని అడిగి, ఆమె రెండో వాక్యం మొదలుపెట్టేలోపే కాఫీ గ్లాసులు లెక్కపెట్టుకునేవాళ్ళు. చివరిదాకా విన్న మనిషి ఒక్క రొట్టెలమ్మే.

జబ్బు బయటపడ్డాక ఒక సాయంత్రం అత్తాకోడళ్ళిద్దరూ దుకాణం వెనక గట్టు మీద కూర్చున్నారు. "నా లోపల ఉన్నది ఎలాంటిదో నాకు అర్థమయ్యేలా చెప్పు తల్లీ" అంది అత్తగారు. కోడలు చెప్పింది. మామూలు కణం గాలి దొరికితే చక్కెరని పూర్తిగా కాల్చి, ఉన్న బలమంతా రాబట్టుకుంటుందని. క్యాన్సర్ కణం చాలావాటిల్లో, చుట్టూ కావలసినంత గాలి ఉన్నా, చక్కెరని సగంలోనే పులియబెట్టి వదిలేస్తుందని.

"పులియబెడుతుందా?" అత్తగారి కళ్ళు పెద్దవయ్యాయి. "రొట్టె పొంగడానికి కలిపే నా పులిపిండిలాగానా?"

"చాలావరకూ అలాగే. పులుపు కూడా బయటికి వదులుతుంది."

"అంత వృథా ఎందుకు చేస్తుంది? పూర్తిగా కాల్చుకుంటే ఎక్కువ బలం వస్తుందన్నావుగా."

ఆ ప్రశ్న అడగడానికి కోడలికి కాలేజీలో మూడేళ్ళు పట్టింది. అత్తగారికి ఒక్క నిమిషం పట్టింది.

"దానికి బలం ఒక్కటే చాలదత్తయ్యా. ఇంకో కణాన్ని కట్టాలి. కట్టడానికి సరుకు కావాలి. సగం కాల్చిన చక్కెరలోంచి ఆ సరుకు లాక్కుంటుంది. అందుకే మిగతావాటికన్నా ఎన్నో రెట్లు మింగుతుంది. ఆ తిండిపోతుతనమే దాన్ని పట్టిస్తుంది. స్కాన్ రోజున గుర్తుపెట్టిన చక్కెర రక్తంలోకి ఎక్కిస్తారు. ఎక్కడ ఎక్కువ తింటే అక్కడ వెలుగుతుంది."

రొట్టెలమ్మ చేతికంటిన పిండి దులుపుకుంది. తర్వాత అడిగింది. "పులిపిండి మరీ రేగిపోతుంటే తిండి తగ్గించి చలిలో పెడతాను. నిద్రపోతుంది. దీన్ని కూడా నిద్రపుచ్చే దారేదైనా ఉందా?"

"మేమందరం దానికోసమే వెతుకుతున్నామత్తయ్యా," అని నవ్వింది కోడలు. ఆ సాయంత్రం ఆమెకి ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేం. చదువుకున్నదంతా మొదటిసారి ఇంట్లో ఒక మనిషికి చేరింది.

అప్పటి నుంచే అత్తగారి కంచంలో రొట్టె తగ్గుతూ వచ్చింది. మందు పడక ఆకలి చచ్చిందని అందరూ అనుకున్నారు.

"కొంచెం వెన్న రాసిస్తాను. రెండు ముద్దలైనా తినండి," అంటూ కోడలు ఇప్పుడు మెట్ల వైపు కదిలింది.

"వెన్నెందుకు. నువ్వు వెళ్ళకు. వచ్చి కూర్చో," అంది రొట్టెలమ్మ తొందరగా.

"కూర్చోడానికి కుర్చీ ఏదత్తయ్యా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, పెద్దకొడుకు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

*

చలిగది దుకాణానికి వెనక, మెట్ల కింద ఉంటుంది. వెన్నముద్దలూ, మర్నాటి పిండి పళ్ళేలూ, అరమీద పులిపిండి జాడీ. ప్రతి రోజూ కొంచెం మిగిల్చి, కొంచెం కలిపి, రొట్టెలమ్మ దుకాణం తెరిచిన నాటి నుంచి బతికించుకొస్తున్న పులిపిండి అది. ఇంట్లోవాళ్ళు ఆ జాడీకి ఇచ్చే మర్యాద చుట్టాలక్కూడా దక్కదు.

కోడలు తలుపు లాగి లోపలికి వెళ్ళింది. వెన్న కోసం చెయ్యి చాపి అలాగే ఆగిపోయింది.

భోజనాల బల్ల దగ్గర లేని కుర్చీ అక్కడుంది. జాడీకి ఎదురుగా, రెండు అరల మధ్య, మనిషి కూర్చోడానికి వీలుగా వేసి ఉంది. దాని వీపు మీద అత్తగారి ఉన్ని శాలువా మడతపెట్టి ఉంది. కప్పుకోవడానికి తెచ్చుకున్నట్టు లేదు, తీసి పక్కన పెట్టినట్టుంది.

కోడలు ఆ కుర్చీలో కూర్చుంది. ఎదురుగా జాడీలో పిండి ఒక్క బుడగ కూడా లేకుండా పడుంది. కాసేపటికి చలి మెడ వెనక నుంచి ఎక్కింది. భుజాలు వాటంతటవే బిగుసుకుని పైకి లేచాయి. ఆమె చెయ్యి తనకి తెలియకుండానే ఆ భుజాల మీదికి వెళ్ళింది. మెడకి రెండు పక్కలా, కాలర్ ఎముకల పైన.

వెన్న తీసుకోవడం మర్చిపోయింది. మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకే తెలీదు.

"అత్తయ్యా, చలిగదిలో ఎందుకు కూర్చుంటున్నారు?"

చిన్నకొడుకు తల్లి వంక, భార్య వంక మార్చి మార్చి చూశాడు. రొట్టెలమ్మ తన కంచం వైపు చూస్తోంది.

"ఎవరు కూర్చుంటున్నారు?" అన్నాడు చిన్నకొడుకు.

"స్కాన్ రోజున కూడా కూర్చున్నారా?"

"ఆ రోజు ఇంకొంచెం ఎక్కువసేపు," అంది రొట్టెలమ్మ మెల్లగా. "పస్తుండి రమ్మన్నారుగా ఆసుపత్రివాళ్ళు. వాళ్ళు కూడా దానికి తిండి ఆపమంటున్నారు, నా దారి సరైనదే అనుకున్నాను. తిండి ఆపి చలిలో పెడితే పులిపిండి నిద్రపోతుంది. నా లోపలిదాన్ని కూడా అలాగే నిద్రపుచ్చుదామనుకున్నా. మందు ఒక పక్క నుంచి కొడుతుంది, నేనొక పక్క నుంచి కట్టేస్తానని."

"నాకు చెప్పలేదేం?"

"చెప్తే వద్దంటావు. నువ్వు వెతుకుతున్నామన్నావు. నాకు దొరికిందనుకున్నా."

కోడలు నేల మీదే కూర్చుండిపోయింది. కోపం రావలసిన చోట ఆమెకి కళ్ళలో నీళ్ళొచ్చాయి. శాస్త్రాన్ని సగం చెప్పి, తెలివైన మనిషి చేతికిచ్చి, మిగతా సగం ఆవిడనే పూరించుకోమని వదిలేసింది తను.

"అత్తయ్యా, మెడ దగ్గరా, భుజాల దగ్గరా ఒకరకం కొవ్వుంటుంది. దాని పని ఒళ్ళు వెచ్చబెట్టడం. చలేస్తే అది నిద్రలేచి చక్కెర తిని వేడి పుట్టిస్తుంది. బాగా తింటుంది. స్కాన్ తెర తింటున్నది ఎక్కడో చూపిస్తుంది గానీ, తినేది దొంగో దొరో చెప్పదు."

పెద్దకొడుకు కిటికీ దగ్గర నుంచి ఇటు తిరిగాడు. "అంటే అమ్మకి జబ్బు లేదంటావా?"

"అలా అనను బావగారూ. కొవ్వు వెలుగు పైన కప్పేసింది. దాని కింద జబ్బుందో లేదో కనబడట్లేదు అంటాను. స్కాన్ చేసేవాళ్ళు చలిలో ఉన్నారా అని అడుగుతారే. అడగలేదా?"

"అడిగింది ఆ అమ్మాయి," అంది రొట్టెలమ్మ. "లేదన్నాను."

"ఎందుకమ్మా?" చిన్నకొడుకు గొంతు పెద్దదైంది.

"మీకు తెలిస్తే గోల చేస్తారని."

కింద ఎవరో కొనడానికొచ్చి గంట కొట్టారు. ఎవరూ వెళ్ళలేదు.

"కుర్చీ వేసింది నేనే," అన్నాడు పెద్దకొడుకు.

అందరూ అతని వైపు తిరిగారు.

"ఒంట్లో వేడిగా ఉందిరా, కాసేపు చలిగదిలో నిలబడొస్తానంది. మందు వేడేమో అనుకున్నా. రోజూ నిలబడుతుంటే చూడలేక కుర్చీ తీసుకెళ్ళి వేశాను. ఎవరికీ చెప్పొద్దంది, చెప్పలేదు." అతను తల్లి వైపు చూడకుండా అన్నాడు. "ఆ వెలుగు చూసే కదా నేను పెద్ద మందుకి సరేనన్నది."

తిలా పాపం తలా పిడికెడు అని ఊరికే అనలేదు పెద్దలు. ఒకరు సగం చెప్పారు, ఒకరు సగం దాచారు, ఒకరు కుర్చీ వేశారు. ముగ్గురూ చేసింది ప్రేమతోనే.

"ఇంకోటి కూడా చెప్పాలి," అంది కోడలు కళ్ళు తుడుచుకుని. "మీరు పస్తున్నా అది పస్తుండదు. మీ రక్తంలో చక్కెర తగ్గితే మీ కాలేయం ఊరుకోదు. మీ భుజాల కండ కరిగించైనా సరే చక్కెర తయారుచేస్తుంది. అందరికన్నా ముందు బంతిలో కూర్చునేది ఆ తిండిపోతే. ఒకవేళ చక్కెర దొరక్కపోతే ఇంకోటి తినడం నేర్చుకుంటుంది. మా పళ్ళేల్లో రోజూ చూస్తున్నాను. మీరు చిక్కుతున్నారు, అంతే. మందుని తట్టుకోవాల్సింది మీ ఒళ్ళు."

"అయితే నేను చేసిందంతా పిచ్చిపని."

"కాదు," అంది కోడలు. ఈసారి గొంతు గట్టిగానే వచ్చింది. "పిల్లలకొచ్చే ఒకరకం రక్త క్యాన్సర్ ఉంది. ఆ కణాలకి కావలసిన ఒక పదార్థాన్ని అవి సొంతంగా సరిపడా తయారుచేసుకోలేవు, మంచి కణాలు చేసుకోగలవు. ఆ ఒక్కదాన్ని రక్తంలోంచి తీసేసే మందుంది. అది దాన్ని పస్తుపెట్టడమే. కాకపోతే పస్తు దానికి, పిల్లలకి కాదు. మీ ఆలోచన తప్పు కాదత్తయ్యా. పెద్ద పెద్దవాళ్ళు ఏళ్ళ తరబడి తిరుగుతున్న దారే అది. మీరు చేసింది మాత్రం తప్పు."

రొట్టెలమ్మ ఆ మాటని కాసేపు నమిలింది. తర్వాత కంచం దగ్గరికి లాక్కుంది.

"వెన్న తెస్తానని వెళ్ళావుగా. ఏదీ?"

*

మర్నాడు స్కాన్ డాక్టరమ్మ అంతా విని, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. జుట్టు సగం నెరిసిన మనిషి. తొందరపడి మాట్లాడే రకం కాదు.

"చలికి కొవ్వు వెలిగితే మాకు మామూలుగా తెలిసిపోతుందండీ. రెండు పక్కలా ఒకేలా ఉంటుంది. కుడి పక్కది చూసి నాకూ అనుమానమొచ్చింది. కానీ ఎడమ పక్క మీ పాత గడ్డ ఉన్నచోటే వెలుగు పరుచుకుంది. చలిలో లేమన్నారు. మరి జబ్బనే అనుకోవాల్సొచ్చింది."

"నాదే తప్పు తల్లీ. అబద్ధం చెప్పాను."

"ఇక్కడికొచ్చి అందరూ ఏదో ఒకటి దాస్తారు. పులిపిండిని చూసి ఇంతదూరం ఆలోచించినవాళ్ళని మాత్రం నేను చూడలేదు." ఆవిడ నవ్వలేదు గానీ, కళ్ళలో గౌరవం కనబడింది. "సోమవారం మందు ఆపమని పెద్ద డాక్టరుగారికి నేను చెప్తాను. ఈ వారమంతా కడుపునిండా తినండి. వెచ్చగా ఉండండి. చలిగది వైపు కన్నెత్తి చూడకండి. స్కాన్ ముందు మేం చెప్పినంతసేపే పస్తు, ఒక్క పూట కూడా ఎక్కువొద్దు. అప్పుడు మళ్ళీ తీద్దాం."

ఆ వారం రొట్టెలమ్మ దర్బారు పొయ్యి పక్కకి మారింది. పెద్దకొడుకు చలిగదిలో కుర్చీ తెచ్చి పొయ్యికి దగ్గరగా వేశాడు. శాలువా ఆవిడ భుజాల మీద కప్పి, రెండు చివరలూ ముందుకు లాగి ముడేశాడు. మొదటి విడత రొట్టె దించగానే ముక్క విరిచి తల్లి చేతిలో పెట్టేవాడు. తినేదాకా పక్కనే నిలబడేవాడు.

"జైలు జవానులా ఏంట్రా," అనేది ఆవిడ.

"తిను."

"తింటున్నాగా."

"కనబడేలా తిను."

చిన్నకొడుకు బండి ఆపుకుని వచ్చి, "నువ్విలాగే తింటే అమ్మడానికి మిగలవమ్మా" అనేవాడు. ఆ ఇంట్లో నవ్వు వినబడి చాలా రోజులైంది. కోడలు పరిశోధనశాల నుంచి రాగానే చెప్పులైనా విప్పకుండా పొయ్యి దగ్గరికి వచ్చేది. అత్తగారు ప్రశ్నలు సిద్ధంగా పెట్టుకుని ఉండేది. చక్కెర దొరక్కపోతే ఇంకేం తింటుంది. ఒక నోరు మూస్తే ఇంకో నోరు తెరుస్తుందిగదా, రెండూ ఒకేసారి మూసే మందు లేదా. కోడలు ఈసారి దేన్నీ సగంలో వదల్లేదు. తెలిసింది తెలిసిందనీ, తెలియనిది తెలియదనీ చెప్పింది. అందులో తెలియనివే ఎక్కువ. అయినా ఆ రెండు తలలూ పొయ్యి వెలుగులో ఒకదానికొకటి దగ్గరగా వంగి మాట్లాడుకుంటుంటే, చూసేవాళ్ళకి ఆ జబ్బు అంటే భయం కాస్త తగ్గేది.

పెద్ద మందు మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఆవిడ మాత్రం రోజుకోసారి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలితో ఒక్కొక్క వేలి కొసనీ ముట్టుకుని చూసుకునేది.

*

మళ్ళీ తీసిన బొమ్మ వచ్చిన రోజున స్కాన్ డాక్టరమ్మ వాళ్ళని లోపలికి పిలిచి తలుపు వేసింది. కుర్చీలు రెండే ఉన్నాయి. అత్తాకోడళ్ళు కూర్చున్నారు, అన్నదమ్ములు వెనక నిలబడ్డారు.

తెర మీద మనిషి ఆకారం. తలలో వెలుగు, గుండె దగ్గర కాస్త. అవి ఉండాల్సినవే అని ముందే చెప్పింది డాక్టరమ్మ. మెడకి రెండు పక్కలా, భుజాల మీదా అంతా చీకటి.

చిన్నకొడుకు ఊపిరి వదిలాడు. "పోయింది," అన్నాడు.

"ఆగండి," అంది డాక్టరమ్మ. ఎడమవైపు కాలర్ ఎముక పైన వేలు పెట్టింది. అక్కడ గింజంత చుక్క వెలుగుతోంది. "ఇది కొవ్వు కాదు. పాత గడ్డ ఉన్న చోటు. మొదట్లో ఇది నిప్పుకణికలా ఉండేది, చాలా తగ్గింది. ఎంత తగ్గిందన్నదే ప్రశ్న. దీన్ని మేం కాలేయంతో పోల్చి చూస్తాం. కాలేయం వన్నె కన్నా తక్కువున్నా, సమానంగా ఉన్నా, ఈ మందే చాలు. ఎక్కువుంటే ఆలోచించాలి."

"ఎలా ఉంది?" పెద్దకొడుకు అడిగాడు. అడిగి, జవాబు వినలేనట్టు మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు.

"నేను ఒక మాట అనుకున్నాను. చెప్పే ముందు మీరూ చూడండమ్మా," అంది డాక్టరమ్మ కోడలితో. "మీకీ బొమ్మలు కొత్త కాదుగా."

డాక్టరమ్మ చుక్కనీ, కాలేయాన్నీ పక్కపక్కనే పెట్టింది. కోడలు ముందుకు వంగింది. చాలాసేపు చూసింది. చూపు తెర మీద నుంచి దించుకుంది.

"సమానంగానే ఉంది," అంది.

డాక్టరమ్మ తెరవైపే చూస్తోంది.

"నన్ను చూడనీ," అంది రొట్టెలమ్మ.

కళ్ళజోడు కొంగుతో తుడుచుకుని పెట్టుకుంది. పొయ్యి నోరు తెరిచి రొట్టె పైపెంకు ఎర్రబడిందా లేదా అని చూసినట్టే, మెడ కొంచెం పక్కకు వంచి చూసింది. ఒకసారి చుక్కని. ఒకసారి కాలేయాన్ని. మళ్ళీ చుక్కని. తర్వాత కళ్ళజోడు తీసేసి కోడలి చెయ్యి పట్టుకుంది.

"ఒక వన్నె ఎక్కువుంది తల్లీ."

"అత్తయ్యా, ఇంత దగ్గరగా ఉంటే..."

"నీకు కనబడింది. నాకు తెలుసు." ఆవిడ ఆ చేతిని వదల్లేదు. "మొదటిసారి అబద్ధం నేను చెప్పాను. రెండోసారి నువ్వు చెప్పకు. ఇన్నాళ్ళూ నువ్వు చెప్పిందల్లా నేను నమ్మాను."

కోడలు తల వంచుకుంది. కన్నీళ్ళు అత్తగారి చేతి మీద పడ్డాయి. ఆవిడ తుడుచుకోలేదు.

"కొద్దిగా ఎక్కువే," అంది డాక్టరమ్మ అప్పుడు. "నేనూ అదే అనుకున్నాను. అయితే చాలా తగ్గింది, అదీ నిజమే. ఈ మందే ఇంకో విడత చూడాలా, ఇప్పుడే మార్చాలా అన్నది ఒక్క బొమ్మ తేల్చదు. పెద్ద డాక్టరుగారు పక్కగదిలో ఉన్నారు. ఆయనతో కూర్చుని మాట్లాడదాం. నిర్ణయం మాత్రం మీదండీ."

ఆ రోజు భోజనాల బల్ల దగ్గర మందు మార్చాల్సిందేనన్న పెద్దకొడుకు ఇప్పుడు నుదురు గోడకి ఆనించాడు. అతని వీపు మాత్రం కదులుతోంది.

రొట్టెలమ్మ ఒళ్ళో ఉన్న తన చేతుల వంక చూసుకుంది. బొటనవేలితో ఒక్కొక్క కొసనీ ముట్టుకుంది. అన్నీ పలికాయి.

"ఒరేయ్ పెద్దోడా," అంది.

"ఊఁ."

"రేపు పిండి కలిపేటప్పుడు పొయ్యి సంగతి తమ్ముడికి అప్పజెప్పు. నువ్వొచ్చి నా పక్కన నిలబడు."

అతను తిరిగి తల్లి వంక చూశాడు.

"చేతులు కడుక్కుని రా," అంది ఆవిడ లేస్తూ. "ఈ వేళ్ళకి తెలిసింది, వీటికి స్పర్శ ఉండగానే నీకు చెప్పాలి."

పక్కగది తలుపు తెరుచుకుంది. పెద్ద డాక్టరు గుమ్మంలో నిలబడి, రండి అన్నాడు.